రెండో చరణం తర్వాత దగ్గు

మా ఇంట్లో ఫోన్ పండితురాలిని నేనే. ఎవరికి ఏ పాట కావాలన్నా, ఏ కూర ఎలా వండాలో తెలియాలన్నా, ఏ రైలు ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోవాలన్నా నన్నే అడుగుతారు. అడక్కపోయినా చెప్తాననుకోండి, అది వేరే సంగతి. "అదెంత భాగ్యం, ఆన్‌లైన్లో ఉంటుంది" అన్నది నా ఊతపదం. ఈమధ్య ఆ మాట నా నోట్లోంచి రావడం లేదు. ఎందుకు రావడం లేదో చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. చెప్పకుండా కడుపులో పెట్టుకుంటే ఇంకా సిగ్గుగా ఉంది.

మా అక్క ఉంగుటూరు పక్క పల్లెలో ఉంటుంది. ఇప్పుడు గుసగుసగా తప్ప మాట్లాడలేదు. కొన్నేళ్ళ కిందట థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది. గొంతు నరానికి ఇబ్బంది రావచ్చని ముందే చెప్పారు, వచ్చింది. ప్రాణం దక్కింది కదా అని అందరం దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాం. అక్క కూడా చెప్పింది, గాలి తప్ప శబ్దం లేని ఆ కొత్త గొంతుతో.

అంతకుముందు ఆ చుట్టుపక్కల చర్చిల్లో మా అక్క పాట లేకుండా క్రిస్మస్ గడిచేది కాదు. పెళ్ళయినా, బాప్తిస్మమైనా, ఎవరైనా పోయినా "మేష్టారి పెద్దమ్మాయికి కబురు పెట్టండి" అనేవారు. గొంతు నాకు మాత్రం లేదా? ఉంది. కూరగాయల బేరానికీ, ఆటోవాళ్ళతో గొడవకీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. పాటకే పనికిరాదు. క్వయర్‌లో నన్ను వెనక వరసలో నిలబెట్టేవారు. "నువ్వు పెదాలు కదుపు చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అని అక్క నా చెవిలో చెప్పేది.

మా చర్చికి స్లాబు వేయించడానికని సంఘంవాళ్ళు ఒక పాటల సీడీ చేయించారు. ఇంటికొకటి కొనాలన్నమాట, ఆ డబ్బు స్లాబుకి. తాడేపల్లిగూడెంలో ఒక మేడమీద గది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. చెమటలు కారుతుంటే అందరం పట్టుచీరల్లో నిలబడ్డాం. ఫొటో తీయరని ఎవరికీ తెలియదు. అందులో ఒక జోలపాట ఉంది, పశువుల పాకలో పుట్టిన బిడ్డని తల్లి నిద్రపుచ్చే పాట. అన్ని చర్చిల్లో అందరూ పాడేదే. కానీ అక్క అది ఎత్తుకుంటే నాలాంటి గయ్యాళికి కూడా కళ్ళు చెమ్మగిల్లేవి.

రెండో చరణం అయ్యాక, మూడోది ఎత్తుకునేముందు చిన్న విరామం ఉంటుంది. సరిగ్గా అక్కడ నాకు దగ్గొచ్చింది. నోరు మూసుకున్నాను, కొంగు కుక్కుకున్నాను, అయినా 'ఖళ్' మని వచ్చేసింది. రికార్డు చేసేవాడు అద్దం అవతలనుంచి చెయ్యెత్తి "పర్లేదండీ, తర్వాత తీసేస్తాను" అన్నాడు. తీయలేదు.

సీడీ ఇంటికొచ్చాక నా బతుకు బజారుకెక్కింది. ప్రతి క్రిస్మస్‌కీ అందరం అక్క ఇంట్లో చేరేవాళ్ళం. ఆ పాట పెట్టగానే పిల్లలంతా ప్లేయర్ చుట్టూ కాచుకు కూచునేవారు. రెండో చరణం అయ్యేదాకా ఊపిరి బిగబట్టి, సీడీలో నేను దగ్గగానే నాతో కలిసి అందరూ ఒక్కసారి 'ఖళ్' అని దగ్గేవారు. ఇల్లు దద్దరిల్లిపోయేది. అందరికంటే గట్టిగా దగ్గేది మా అక్క కొడుకు. పెద్దాడై మీసాలొచ్చాక కూడా మానలేదు వాడు. నేను పైకి నవ్వేదాన్ని. లోపల అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంత పాటలో నేనున్నది ఆ ఒక్క దగ్గే కదా, దాన్నీ అందరూ ఆటపట్టిస్తారా అని.

ఆపరేషన్ తర్వాత అక్క ఆ సీడీ ఇంట్లో ఉంచుకోలేకపోయింది. ఒక ఆదివారం నా చేతిలో పెట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నీ దగ్గర దాచవే. నా ఇంట్లో ఉంటే వినకుండా ఉండలేను, వింటే ఏడుపాగదు. ఎప్పుడో కావలసినప్పుడు నేనే అడుగుతాను" అంది. నేను ఏలూరులో మా ఇంటికి తెచ్చి బీరువా పైన అట్టపెట్టెలో నా సీడీలతోపాటు పెట్టాను.

నాకు అప్పట్లో సీడీల పిచ్చి ఉండేది. పవర్‌పేట వైపు ఒక కొట్టుండేది. సాయంత్రాలు ఆఫీసునుంచి వస్తూ అక్కడ ఆగేదాన్ని. ఫలానా పాట కావాలండీ అంటే కొట్టాయన వెంటనే తీసివ్వడు. "ఎవరు పాడింది కావాలండీ?" అని అడిగేవాడు. ఒకటి పెట్టి కొంచెం వినిపించి, నా మొహం చూసి, కాదనుకుంటే ఇంకోటి పెట్టేవాడు. కొన్నాక ఇంటికెళ్ళేదాకా బస్సులో కవరు అటూ ఇటూ తిప్పి చదువుకోవడం, పైన జిగురు కాగితం గోరుతో ఊడబీకడం, అదో సంబరం. ఫోన్లొచ్చాక ఆ కొట్టులో ముందు సెల్ కవర్లు పెట్టారు, తర్వాత మొత్తం అవే అయిపోయాయి. నేను కూడా అటు వెళ్ళడం మానేశాను. మంచం మీద పడుకుని, వేలు కదిపితే పాట వస్తుంటే ఎవరెళ్తారండీ?

పోయిన వేసవిలో ఇంటికి రంగులు వేయించాం. సామానంతా హాల్లోకి దించాం. అదే సమయానికి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి నిడమర్రు అవతల, కొల్లేటి పక్కన చేపల చెరువులున్నాయి.

"చిన్నక్కా, పాత సీడీలుంటే పారెయ్యకే. చెరువు మీద తాళ్ళకి కట్టుకుంటాను. కొంగలూ నీటికాకులూ చేపపిల్లల్ని బతకనివ్వట్లేదు. ఆ తళతళకి బెదిరి దిగవు."

అక్కడ అందరూ చేసే పనే అది. గట్టు మీద కర్రలు పాతి, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి నైలాన్ దారాలు లాగి సీడీలు వేలాడదీస్తారు. గాలికి అవి తిరుగుతూ ఎండని విసురుతుంటే పిట్టలు దగ్గరికి రావు. ప్లేయర్ పాడై అప్పటికే చాలాకాలమైంది కాబట్టి నాకు ఆ పెట్టె బరువు తప్ప మరేం కాదు. "వచ్చి పట్టుకుపోరా, అన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయి" అన్నాను దర్జాగా.

సంచిలో వేస్తున్నప్పుడు అక్క సీడీ నా చేతికొచ్చింది. చూడలేదని బొంకను. చూశాను. నీలం రంగులో మా చర్చి గోపురం బొమ్మ, కింద సంఘం పేరు. ఒక్క క్షణం ఆగాను కూడా. ఇందులోవన్నీ అందరూ పాడే పాటలే కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయి అనుకున్నాను. పాట దొరుకుతుందనుకున్నానే గానీ గొంతు దొరకదని నా మట్టిబుర్రకి తట్టలేదు. ఇంకో మాట కూడా ఉంది, అది చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. ఆ దగ్గు పీడ వదిలిపోతుందని మనసులో ఏదో మూల నాకు కాస్త హాయిగా అనిపించింది. సంచిలో వేసేశాను.

మొన్న వానలు తగ్గాక అక్క ఫోన్ చేసింది. అక్క ఫోన్ చేస్తే నేను ఫ్యాను ఆపి, టీవీ ఆపి, ఫోన్ చెవికి అదిమి పెట్టుకోవాలి.

"మనవరాల్ని తీసుకొస్తున్నారే. ఐదో నెల వచ్చింది."

అక్క కోడలు చింతలపూడి పిల్ల. పురిటికి పుట్టింటికి వెళ్ళి, బిడ్డతో అత్తారింటికి రావడం అదే మొదలు. అక్క సంతోషం నాకు ఊపిరిలోనే తెలుస్తోంది.

"నేను ఎత్తుకుంటే ఊరుకుంటుంది గానీ నిద్రపోదేమోనే. జోల పాడలేను కదా. ఆ సీడీ తీసుకురా. నా మనవరాలు ఒక్కసారైనా నా గొంతు వినాలి. కోడలు కూడా వినలేదు, పాపం. అందరూ మీ అత్తగారు అలా పాడేది ఇలా పాడేది అంటుంటే వెర్రిమొహం వేసుకుని చూస్తుంది. ఉంది కదా సీడీ?"

"ఉందక్కా" అన్నాను. ఆలోచించను కూడా లేదు. నా నోరు అంతే, మెదడు కంటే ముందు పుట్టింది.

ఫోన్ పెట్టేశాక చెరువు గుర్తొచ్చింది. తమ్ముడికి ఫోన్ చేసి, మామూలుగా అడిగినట్టు, ఆ సీడీలెలా ఉన్నాయిరా అన్నాను. "అదిరిపోయాయక్కా! వేసవంతా, వానలంతా అక్కడే ఉన్నాయి, ఒక్క కొంగ దిగలేదు" అన్నాడు వాడు. ఎండా వానా అన్ని నెలలు తిన్న సీడీ ఏం పాడుతుంది? అసలు సంగతి వాడికి చెప్పడానికి మొహం చెల్లలేదు. మా పాత సంఘంవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒకరు షిఫ్టింగులో పోయిందన్నారు. ఒకరు పిల్లలు బండి వెనక మెరవడానికి అంటించుకున్నారన్నారు. ఒకావిడ ఎంతో సంబరంగా "ఉందండీ, ఉండండి" అని వెళ్ళి వెతికి, కవరు తెచ్చింది. లోపల సీడీ లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా. ఇక నా ఫోన్ పాండిత్యం బయటికి తీశాను. పాట మొదటి మాట కొట్టగానే ఎన్నెన్ని వచ్చాయో! కీబోర్డు మోతలతో, పిల్లల గుంపులతో, మంచు కురుస్తున్న బొమ్మలతో, స్టూడియోలో చెవులకి డిప్పలు పెట్టుకుని కళ్ళు మూసుకున్న ఆడపిల్లలతో. అన్నీ ఆ పాటే. ఒక్కటీ మా అక్క కాదు. వింటున్నకొద్దీ నాకే అనుమానం వచ్చింది, అక్క గొంతు నాకు సరిగ్గా గుర్తుందా అని. ఫోన్ "ఎవరు పాడింది కావాలండీ?" అని అడగదు. అడిగినా చెప్పడానికి మా అక్క పేరు అందులో లేదు.

చివరికి ఒకటి దొరికింది. వాయిద్యాల హడావుడి లేదు. ఒక నడివయసు గొంతు, నిదానంగా, కొంచెం జీరగా. నిజం చెప్పొద్దూ, అక్కలాగే అనిపించింది. ఊరికే వింటే మధ్యలో ప్రకటనలు వస్తాయి, కొనుక్కుంటే రావట. కొనేశాను. కొన్నాక చేతికి ఏమీ రాలేదు, తెరమీద ఒక చిన్న టిక్కు గుర్తు తప్ప.

పక్కగదిలోంచి మావారు, "ఉన్నదాన్ని చెరువులో కలిపావు, లేనిదాన్ని డబ్బిచ్చి కొన్నావు. భలేదానివోయ్" అన్నారు.

"మీకెందుకండీ, మీ పేపరు మీరు చదువుకోండి" అని కసిరాను. ఆయనన్నది నిజం కాబట్టే అంత గట్టిగా కసిరాను.

మర్నాడు చిన్న బ్లూటూత్ స్పీకర్ సంచిలో వేసుకుని ఉంగుటూరు బస్సెక్కాను. దారంతా కథ అల్లుకున్నాను. సీడీలోంచి ఫోన్లోకి ఎక్కించాను, సీడీ బీరువాలో భద్రంగా ఉంది, మళ్ళీ మళ్ళీ వేస్తే గీతలు పడతాయి కదా. ఎంత తెలివి! కుక్కతోక పట్టుకుని గోదారి ఈదేవాళ్ళక్కూడా అంత ధీమా ఉండదు.

బావగారు పోయాక ఆ ఇంట్లో అక్కా, కొడుకూ, కోడలే. అక్క కొడుకు తాడేపల్లిగూడెంలో పనికి వెళ్ళాడు, సాయంత్రానికి గానీ రాడు. వసారాలో చీరతో ఊయల కట్టి ఉంది. అక్క తల దువ్వుకుని, చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని కూర్చుంది. నేను వస్తున్నానని కాదు. పాట వస్తోందని. అది చూడగానే వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది.

"రండి చిన్నత్తయ్యగారూ, తెచ్చారాండీ? పొద్దుట్నుంచి అత్తయ్యగారు గుమ్మంలోనే ఉన్నారండీ" అని కోడలు ఎదురొచ్చింది.

స్పీకర్ ఊయల పక్కన పెట్టి, పాట మొదలెట్టాను. మొదటి లైనుకే అక్క తలెత్తింది. నేను స్పీకర్‌నే చూస్తున్నాను, అదేదో ఎప్పుడూ చూడనట్టు. కోడలు రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని, "అత్తయ్యగారూ! మీరేనాండీ? అమ్మో, ఎంత బాగా పాడారండీ!" అంది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొదటి చరణం అయింది. రెండో చరణం అయింది. తర్వాత విరామం వచ్చింది. శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. మూడో చరణం మొదలైంది. పాట అయ్యేసరికి పాప నిద్రపోయింది.

అక్క పాప మీద దుప్పటి సర్దింది.

"నా ఫోన్‌కి పంపండి చిన్నత్తయ్యగారూ, ఆయనొచ్చాక వినిపిస్తాను" అని కోడలు ఫోన్ చాపింది. పంపాను. పంపకుండా ఉండడానికి ఏం కారణం చెప్పను? తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా టీ తాగి, పనుందని లేచాను.

అక్క నాతో రోడ్డుదాకా వచ్చింది. కాలవ వంతెన దగ్గర ఆగింది. లారీ వెళ్ళేదాకా ఆగి, నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"నీ దగ్గేదే?"

తలకొట్టేసినట్టయింది. అబద్ధం మీద ఇంకో అబద్ధం తెద్దామని చూశాను, నా పెద్ద నోట్లోంచి ఒక్కటీ రాలేదు. మొత్తం చెప్పేశాను. రంగులు, సంచి, తమ్ముడి చెరువు, కొనడం, అన్నీ. దగ్గు పీడ పోతుందనుకున్న సంగతి కూడా. ఇద్దరు సైకిళ్ళవాళ్ళు ఆగి చూస్తున్నా నాకు ఏడుపు ఆగలేదు.

అక్క తిట్టలేదు. తిడితే బాగుండును. అటుగా వస్తున్న ఆటోకి చెయ్యెత్తి, "పద, చూద్దాం" అంది.

గణపవరం మీదుగా వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. మమ్మల్ని చూసి తమ్ముడు మేత బస్తాల మీదనుంచి దిగి పరుగున వచ్చాడు. "ఇదేంటి, ఇద్దరూ ఇలా ఊడిపడ్డారు? కబురు చెయ్యచ్చు కదా, చేపలు పట్టించేవాణ్ణి!" అన్నాడు. అక్క గట్టు మీద నిలబడి పైకి చూస్తోంది. చెరువు పొడుగునా సీడీలు తిరుగుతున్నాయి. నేను పవర్‌పేట కొట్టులో కవరు తిప్పి తిప్పి చూసి కొనుక్కున్నవన్నీ అక్కడ వేలాడుతున్నాయి. దూరంగా కర్ర మీద ఒక కొంగ కూర్చుని ఉంది, దిగే ధైర్యం లేక.

అక్క పెదాలు కదిలాయి. గాలికి తమ్ముడికి వినపడలేదు. "ఏమంటుంది పెద్దక్క?" అని నన్నడిగాడు.

"ఏం లేదురా" అన్నాను.

అక్క నా చెయ్యి గిల్లింది, చెప్పమని. చెప్పాల్సొచ్చింది. ఇంత గొంతూ వేసుకుని, నాలుగు చెరువుల అవతలికి వినపడేలా చెప్పాను. "నేను పాడితే జనం వచ్చేవారు, ఇప్పుడు కొంగలు పారిపోతున్నాయి, అంటోంది."

వాడికి అప్పుడు అర్థమైంది. మారు మాట్లాడకుండా వెదురుగెడ తెచ్చి దారాలు ఒక్కొక్కటే కిందికి లాగాడు. చాలావాటికి బొమ్మ పోయి తెల్లగా అయిపోయాయి. అక్క ఒక్కొక్కటీ ఎండకి తిప్పి చూసింది. ఒకదాని మీద గోపురం గీత సన్నగా, నీడలా మిగిలుంది. అదే. వెండిపూత పొరలుగా లేచిపోయింది. ఎత్తి పట్టుకుంటే దానిలోంచి అవతల కొంగ కనపడుతోంది.

నేను ఊరుకోలేదు. వేసి చూద్దాం అన్నాను. తమ్ముడింట్లో టీవీ కింద గుడ్డ కప్పిన పాత ప్లేయర్ ఉంది. చీర చెంగుతో సీడీ తుడిచి, అక్కే పెట్టింది. గిరగిరా తిరిగింది. ఏదో గొణిగింది. కాసేపటికి డిస్క్ లేదని తెరమీద చూపించింది.

"లోపల డిస్కుంటే లేదంటుందేంటి, దీని మొహం మండ!" అని తమ్ముడు ప్లేయర్‌ని చరిచాడు.

"కొట్టకురా. దానికి తెలిసింది అది చెప్పింది" అంది అక్క. సీడీ తీసి చెంగులో చుట్టుకుంది.

తిరుగు ఆటోలో నేనే ఎత్తుకున్నాను. "కోడలికి నేనే చెప్పేస్తానక్కా. అది నీ గొంతు కాదని చెప్పేస్తాను."

అక్క నా చెవిలో, "ఎంత మురిసిపోయిందో చూశావుగా. అత్తారింటికి బిడ్డతో వచ్చింది, ఇప్పుడిప్పుడే మనల్ని మనవాళ్ళనుకుంటోంది. చిన్నత్తగారు ఇలాంటిదని ఈరోజే తెలియాలా? నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావే? వద్దు, వదిలెయ్" అంది.

"సరే" అన్నాను.

అంత తొందరగా సరే అన్నందుకు నన్ను చెప్పుచ్చుక్కొట్టాలి. కాదని ఒక్కసారి కూడా అనలేదు. గుండెల మీదనుంచి బరువు దిగినట్టు హమ్మయ్య అనుకున్నాను. ఒకసారి దాని గొంతు చెరువులో పడేశాను. ఇప్పుడు అది నా పరువు కోసం తన పాట ఇంకొకరికి ఇచ్చేస్తుంటే చెయ్యి చాచి తీసుకున్నాను. ఆటోవాడితో చిల్లర దగ్గర గొడవ పెట్టుకునే నేను అక్కడ నోరెత్తలేదు.

సాయంత్రం అక్క ఇంటికి చేరేసరికి కొడుకు పనినుంచి వచ్చి ఉన్నాడు. నా స్పీకర్ అక్కడే మర్చిపోయానని లోపలికి వెళ్ళాను. అక్క చెంగు విప్పి, తమ్ముడు కట్టిన నైలాన్ దారంతోనే సీడీని ఊయలకి వేలాడదీసింది. "ఇదేంటి అత్తయ్యగారూ?" అంది కోడలు. "మెరుస్తుంది కదమ్మా, చూసుకుంటుంది" అంది అక్క. పాప నిజంగానే దాన్ని చూసి కాళ్ళు కొట్టుకుంది.

"ఏవండీ, ఇలా రండి. మీ అమ్మగారి పాట!" అని కోడలు స్పీకర్‌లో పెట్టింది.

వాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మొదటి చరణం, రెండో చరణం. విరామం వచ్చింది. వాడు 'ఖళ్' అని దగ్గాడు. చిన్నప్పట్నుంచీ అలవాటైన దగ్గు, అదే చోట, అంతే గట్టిగా. కానీ వాడితోపాటు పాటలో ఎవరూ దగ్గలేదు. కళ్ళు తెరిచాడు. నావైపు చూశాడు.

"మంచినీళ్ళివ్వనాండీ?" అని కోడలు కంగారుపడింది.

"వద్దు."

"మీ అమ్మగారు పాడుతుంటే చిన్నప్పుడు ఇలాగే ఉండేదాండీ?"

వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. అక్క తల చిన్నగా ఊపింది. "ఆఁ, ఇలాగే" అన్నాడు వాడు. తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నన్ను పిన్నీ అని కూడా పలకరించలేదు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో అది నానమ్మ పాట. పాప ఏడిస్తే కోడలు "నానమ్మ పాట పెట్టనా బంగారం?" అంటుంది. పెట్టగానే ఊరుకుంటుంది. ఎక్కడో ఎవరో ఒకావిడ పాడుతుంటే, పైన తిరుగుతున్న మా అక్క సీడీని చూస్తూ నిద్రపోతుంది. చుట్టాలొస్తే వాళ్ళకీ వినిపిస్తుంది కోడలు. అక్క తలొంచుకుని కూర్చుంటుంది. పొగిడితే సిగ్గుపడుతోందనుకుంటారు.

నేను వెళ్ళినప్పుడల్లా ఆ పాట వినాల్సొస్తుంది. లేచి వెళ్ళిపోయే మొహం నాకెక్కడిది? కూర్చుంటాను. రెండో చరణం అయ్యాక విరామం రాగానే గట్టిగా దగ్గుతాను. కావాలనే దగ్గుతాను. ఆ పాటలో మా ఇంటిదంటూ ఉన్నది అదొక్కటే కదా. అక్క నావైపు చూసి నవ్వుతుంది. దాని నవ్వు కూడా ఇప్పుడు వినపడదు, భుజాలు కదలడమే.

కోడలు వెంటనే లేస్తుంది. వంటింట్లో మిరియాలు దంచుతున్న చప్పుడు వినిపిస్తుంది. పాలల్లో వేసి, బెల్లం కలిపి, గ్లాసు చీర చెంగుతో పట్టుకొచ్చి నా చేతిలో పెడుతుంది.

"మా పిల్లకి అత్తయ్యగారి పాట తెచ్చిచ్చారు, మీకు ఇదైనా చెయ్యకపోతే ఎలాగండీ? వేడిగా తాగండి చిన్నత్తయ్యగారూ. ఈ దగ్గు మీకు ఎప్పట్నుంచండీ?"

"పాతదేనమ్మా" అంటాను. తలెత్తకుండా, చుక్క మిగల్చకుండా తాగేస్తాను.